ముసలమ్మ మూలిగిన రోజు

“ఆ రోజు గాలి ఎటు నుంచి వీస్తోంది?” అడిగాడు కంపెనీ వకీలు.

“ఒడ్డు వైపు నుంచి సార్. ఓడని రేవు గోడకి ఆననివ్వకుండా అవతలికి తోసేస్తోంది. ఓడని కట్టిన మోకు అంతలా బిగిసింది అందుకే,” అన్నాడు సాక్షి.

వకీలు కాగితం మీద ఏదో గీసుకున్నాడు. బల్లకి అవతల విచారణాధికారిణి కళ్ళజోడు పైకి తోసుకుని వింటోంది. సాక్షి పక్క కుర్చీలో సరంగు కూర్చున్నాడు. ఒకప్పుడు ఓడ పనివాళ్ళకి పెద్దగా, డెక్కు మీద పధ్నాలుగు మందిని ఒక్క ఈలతో పరుగులు పెట్టించిన మనిషి. ఇప్పుడు కుడిచెయ్యి చచ్చుబడి ఒళ్ళో పడి ఉంటుంది, కొత్తవాళ్ళ ముందు నోరు తెరిస్తే నాలుక మడతపడుతుంది. తన సంగతి తాను చెప్పుకోలేడు. వెనక బెంచీ మీద ఆయన భార్య కూర్చుంది.

తెగిన మోకు తలకి తగిలి చెయ్యి పడిపోయిందని సరంగు అర్జీ. కాదు, ఇంటికెళ్ళాక స్నానాల గదిలో జారిపడ్డాడని కంపెనీ వాదన. ఓడేమో ఎప్పుడో తుక్కు కింద పోయింది. సిబ్బంది పట్టిక చూపించమంటే చెదలు తినేశాయని కంపెనీవాళ్ళు చేతులెత్తేశారు. తోటివాళ్ళలో కొందరు పోయారు, ఉన్నవాళ్ళ జాడ తెలీదు. ఆ రోజు సంగతి చెప్పగల మనిషిని ఒక్కణ్ణి తీసుకొస్తే సరి, లేదంటే అర్జీ కొట్టేస్తామన్నారు విచారణ ఆఫీసువాళ్ళు. ఇదే ఆఖరి వాయిదా. వైకల్య భృతి రాకపోతే, అరిగిపోయిన మోకాళ్ళతో సరంగు భార్య ఇంకెన్నాళ్ళు నాలుగిళ్ళలో అంట్లు తోముతుంది? అందుకే ముగ్గురూ రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చి, స్టేషను నుంచి తిన్నగా ఈ గదికే చేరారు.

“మోకు ఉన్నట్టుండి తెగిందా?”

“లేదు సార్. ముందు ముసలమ్మ మూలిగింది.”

“ముసలమ్మ ఎవరు?” అంది అధికారిణి.

“మోకు చుట్టే యంత్రం అమ్మా. బరువు పడితే చాలు, మూలుగుతూ తిరిగేది. ఆకుపచ్చ రంగు. ప్రతి ప్రయాణానికీ సరంగే దగ్గరుండి రంగు వేయించేవాడు, ‘ముసల్దానికి సోకు తగ్గకూడదు’ అనేవాడు. ఆ పూట మూలుగు వేరేగా ఉంది. సరంగు ఈల వేశాడు. అందరూ వెనక్కి దూకారు. ఈల వేసిన మనిషి మాత్రం అక్కడే ఉండిపోయాడు.”

సరంగు కళ్ళు మూసుకున్నాడు. సాక్షి కూడా మూసుకున్నాడు. ఊళ్ళో సాక్షిది దర్జీ కొట్టు. పన్నెండేళ్ళుగా ప్రతి మధ్యాహ్నం సరంగు వచ్చి ఆ కొట్టులో బల్ల మీద కూర్చుంటాడు. అక్కడ మాత్రం మాట పెగులుతుంది, ముక్కలు ముక్కలుగానైనా. ఇద్దరూ కలిసి ఆ ఓడెక్కుతారు. వంటవాడు బకెట్లో కాచిన టీ, చుక్కానిగదిలో పిల్లలు పెట్టిన తెల్లపిల్లి, తడి తాళ్ళ వాసన, రేవు దగ్గరపడుతుంటే ఎవరికి వాళ్ళు నున్నగా తల దువ్వుకోవడం. మధ్యలో దర్జీ ఓ కునుకు తీసినా, లేచేసరికి ఓడ ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఆయన గుండె బరువెక్కుతుంది.

వకీలు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. “ఇంతకీ ఓడ మీద మీరేం పని చేసేవారు?”

“సరంగు చెప్పింది వినడమే సార్. ఇంకేముంది.”

అధికారిణి నవ్వాపుకుంది. వకీలు మాత్రం నవ్వలేదు.

“సరే. మీరు పడుకునే బంకు ఎక్కడ?”

ఇంతసేపూ తడుముకోని మనిషి దిక్కుతోచక సరంగు వైపు చూశాడు. వెనక బెంచీ మీద ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. వకీలు కలం మూత పెట్టి వెనక్కి వాలాడు.

“నా... పైన,” అన్నారెవరో.

అందరూ తిరిగి చూశారు. సరంగు. చెమటలు పడుతున్నా ఆపలేదు.

“నా బంకు... పైన. గురక. వీడి గురక. చంపేసేవాడు,” అని ఎడమచేత్తో సాక్షి తొడ మీద ఒక్కటి చరిచాడు. మూతి ఓ పక్కకి లాగేసుకుని నవ్వాడు.

అధికారిణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “ఇక చాలు వకీలుగారూ. పక్కన పడుకున్నవాళ్ళు తప్ప ఇలా తిట్టరు. గాయం ఓడ మీద, పనిలో ఉండగానే అయిందని రాస్తున్నాను,” అని సంతకం పెట్టింది.

బయట వసారాలో సరంగు భార్య సాక్షి చేతులు పట్టుకుంది. “తమ్ముడూ, ఏ జన్మలో ఏమయ్యావో మాకు.”

“ఊరుకో వదినా. అన్న మాట కలపకపోతే ఇవాళ నా పరువు పోయేది,” అన్నాడు ఆయన.

సరంగు ఎడమచేత్తో వీధి చివరికి చూపించాడు. ఇంత దూరం వచ్చి, ఒక్కసారి చూడకుండా రైలెక్కడం ఆయన వల్ల కాదు. ముగ్గురూ గిడ్డంగుల మధ్య నుంచి మెల్లగా నడిచారు. ఆఖరి గోడ మలుపు తిరిగేసరికి ఉప్పుగాలి మొహానికి కొట్టింది. సరంగు నిటారుగా నిలబడ్డాడు, పన్నెండేళ్ళు వెనక్కి వెళ్ళినట్టు. పక్కనున్న సాక్షి మాత్రం గోడ పట్టుకుని ఆగిపోయాడు.

“ఇన్నేళ్ళు ఇంత చెప్పావు, సముద్రం ఇంత పెద్దదని ఒక్కసారీ చెప్పలేదేంటన్నా?”