నడిముక్క

“తలకాయ పారేయాకు. అసలు రుచి దాంట్లోనే ఉండాది,” అన్నాడు ఎల్లప్ప.

“తల నెరిసినాక నాకు చేప కొయ్యడం నేర్పిస్తాండావా అబ్బా?” కత్తిపీట ముందు కూర్చున్న నరసక్క తలెత్తకుండానే అంది.

తెల్లవారుజామున ధర్మవరం చెరువులో ఎల్లప్ప గాలానికి పడిన బొచ్చె చేప అది. రెండు కేజీల పైమాటే. చాలా ఏళ్ల తర్వాత ఆ ఏడే చెరువు నిండింది. తడి గోనెసంచిలో చుట్టి తెచ్చి, తనే బూడిద పూసి పొలుసు గీకాడు. తల, తోక పులుసులోకి వేసింది నరసక్క. నడిముక్కలు వేపింది. కడుపులో దొరికిన గుడ్లను ఉల్లిపాయలతో పొరటు చేసింది. మిగిలిన పొలుసు, పేగులు తీసుకుపోయి ఎల్లప్ప పెరట్లో మునగచెట్టు మొదట్లో పూడ్చాడు.

“ఈసారి కాయలు విరగకాస్తాయి చూడు.”

వంటయ్యాక నరసక్క గిన్నెడు పులుసు కూతురి చేతికిచ్చింది. “ఝాన్సీ, పక్కింటి పుల్లమ్మవ్వకు ఇచ్చిరా పో.”

“ఉండమ్మా. పొద్దున చూసినా గదా, అవ్వకు పండ్లు లేవు, ముల్లు గుచ్చుకుంటే కష్టం,” అంటూ ఎల్లప్ప గిన్నె అందుకున్నాడు. ఓపిగ్గా ఒక్కో ముల్లూ ఏరాడు. ఝాన్సీ అతణ్నే చూస్తూ నిలబడింది.

అందరికీ వడ్డించి, నరసక్క తన పళ్లెంలో సంగటి ముద్ద పక్కన తోక ముక్క వేసుకుంది. ఎప్పుడూ అంతే. అందరూ తినగా మిగిలిందే ఆమెది. ఎల్లప్ప ఆ తోక తన పళ్లెంలోకి తీసుకుని, నడిముక్క ఆమె ముద్ద పక్కన పెట్టాడు.

నరసక్క చేయి ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆమెకు ఎవరూ అలా పెట్టలేదు.

“కారమైందా?” కంగారుగా అడిగాడు ఎల్లప్ప.

“ఊఁ,” అంది కొంగుతో కళ్లొత్తుకుంటూ.

చట్టి అడుగు పులుసును కూడా సంగటితో తుడిచి తిన్నాడు ఎల్లప్ప. ముళ్లు పిల్లికి వేసి, చేయి కడుక్కుని చెప్పులేసుకున్నాడు.

“హిందూపురం బస్సుకు టైమైతాండాది.”

గడప దగ్గర ఆగి, ఒకసారి వెనక్కి చూసి వెళ్లిపోయాడు.

ఝాన్సీ తల్లి పక్కన చేరింది. “నీకు ఈ సంబంధం తెచ్చినోళ్లకు ఏం చెప్పమంటావమ్మా?”

నరసక్క ఖాళీ పళ్లేలు పేర్చుతూ, మొహం అటు తిప్పుకుని నవ్వింది.

“పిల్లోడు నచ్చినాడని చెప్పు.”