లోపలి గుడ్డ

“ఇంకో రెండు వేళ్లు బిగించు వదినా. ఒంటి మీద వేలాడుతోంది,” అంటూ ఆడపడుచు తన జాకెట్టు కుట్టుమిషను మీద పడేసింది.

రెండు నెలల్లో ఇది మూడోసారి. వదిన టేపు తీయలేదు.

“నెల్రోజులై ఆ దగ్గేమిటి?”

“దుమ్ము పడదు నాకు. తిండి తగ్గించాగా, నాజూకయ్యాను,” అని నవ్వింది ఆడపడుచు.

“తగ్గించావా, సయించట్లేదా?”

ఆడపడుచు నవ్వు ఆగిపోయింది.

“సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతోందా? నిద్రలో చెమటకి దిండు తడుస్తోందా?”

“అయితే?”

“కళ్లె పరీక్ష చేయించు. క్షయేమో.”

ఆడపడుచు భగ్గుమంది. “నోటికెంతొస్తే అంతేనా? పచ్చని కాపురంలో నిప్పులు పోస్తావా? మా అత్తగారు వింటే నన్ను గడప తొక్కనిస్తుందా?”

జాకెట్టు లాక్కుని గుమ్మం దాకా వెళ్లింది.

వదిన ఆలోచించింది: తన సంగతి చెబితే రేపటికల్లా తన అత్తింట్లో అందరికీ తెలుస్తుంది. చెప్పకపోతే ఈ పిల్ల దక్కదు.

బీరువా అడుగునుంచి తన పాత జాకెట్టు తీసి, తిరగేసి ఆమె చేతిలో పెట్టింది. పక్క కుట్టు వెంబడి, కత్తిరించకుండా లోపల వదిలిన గుడ్డ మీద, మూడు వరసల సూది రంధ్రాలు. బిగించి, మళ్లీ బిగించి, ఆఖరికి అన్నీ విప్పేసిన గుర్తులు.

“ఇది నీదా?”

“పెళ్లయిన ఏడాదికి కుట్టు నేర్చుకుంటానని ఆరు నెలలు పుట్టింటికి వెళ్లానే, మందులు మింగడానికి వెళ్లాను. మీ అన్నయ్యకి తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడు నీకు తెలిసింది.”

ఆడపడుచు ఆ రంధ్రాలను వేలితో తడిమి చూసింది. తర్వాత తన జాకెట్టు మళ్లీ మిషను మీద పెట్టింది.

“బిగించు వదినా,” అంది మెల్లగా. “లోపలి గుడ్డ మాత్రం కత్తిరించకు. ఆరు నెలలకి మళ్లీ విప్పాలిగా.”