సగం గ్లాసు

సౌదీలోని ఉనైజాలో షేక్ గారి పాత పుస్తకాల గది తుడిచే పని మస్తాన్ వలీది. రాత్రి ఇషా నమాజు అయ్యాక ఒక్కడే వెళ్లాలి. నెల రోజులుగా ఆ తలుపు తీయడానికి చేతులు రావడం లేదు.

అక్కడున్న వందల ఏళ్లనాటి వైద్యగ్రంథంలోంచి, పసుపుపచ్చ మూలిక బొమ్మున్న కాగితం చించింది అతనే. మేనల్లుడు ఆసిఫ్ జ్వరంతో మూలుగుతూ, "ఆస్పత్రికి పోదాం మామా" అన్నాడు. ఆ దేశంలో ఉండేందుకు వాడికిచ్చిన ఇకామా కార్డు గడువు తీరిపోయింది. తీసుకెళ్తే తన మెడకు చుట్టుకుంటుందని వలీ భయపడ్డాడు. కడపలో అమ్మ, జ్వరమొస్తే దర్గా హజ్రత్ రాసిచ్చిన అరబీ కాగితాన్ని నీళ్లలో నానబెట్టి తాగించేది. తనూ చించిన కాగితంతో అదే చేశాడు.

ఆసిఫ్ సగం తాగి స్టీలు గ్లాసు చేతికిచ్చాడు. "చేదుగా ఉండాది మామా. మిగిలిండేది నువ్వు తాగు."

వలీ పారబోశాడు. తెల్లారేసరికి ఆసిఫ్ లేడు. ఆ బొమ్మకు పూసిన రంగు విషమని షేక్ గారు ఎవరితోనో అంటుంటే తర్వాత విన్నాడు. అక్క సుల్తానాకు మాత్రం జ్వరమనే చెప్పాడు.

ఈ రాత్రి గదిలో నీటి చుక్కల చప్పుడు. ఆ గదిలో కొళాయి లేదు.

లైటు వేశాడు. చెక్కపీట మీద గ్రంథం తెరిచి ఉంది. చించిన కాగితం మళ్లీ దాని చోటికి వచ్చింది. తడిసి ముద్దయిన దాని అంచు నుంచి పసుపు నీళ్లు కారుతున్నాయి. కింద, నెల కిందట తను చెత్తకుండీలో పడేసిన స్టీలు గ్లాసు.



గ్లాసు సరిగ్గా సగానికి నిండింది. చుక్కలు ఆగిపోయాయి.