మూడేసి నిమిషాలు

అన్న తప్పిపోయి పదకొండు రోజులైంది. అన్న కోసం పెట్టిన వెబ్‌పేజీని ఎంతమంది చూశారో హేమంత్‌కుమార్ ఆఫీసు కంప్యూటర్లో మళ్లీ లెక్క చూశాడు. పద్నాలుగు వేల మంది. ఒక్కొక్కరూ మూడేసి నిమిషాలు చూశారు.

ఫోన్ చేసినవాళ్లు ఒక్కరూ లేరు.

"మూడు నిమిషాలు గుడ్లప్పగించి చూస్తారు. ఫోన్ చేయమంటే చేతులు రావు. మనుషులా వీళ్లు?" అని పళ్లు కొరికాడు.

అసలు తప్పు తనదేనని అతనికి తెలుసు. బళేపేట బజారులో అమ్మకు గాజులు కొందామని అన్న మోహన్‌కుమార్‌ను వెంట తీసుకెళ్లాడు. అన్నకు ముప్ఫై ఎనిమిదేళ్లు. మాట రాదు, మనసు ఐదేళ్ల పిల్లాడిది. ఆ గుంపులో ఉండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరి వెబ్‌పేజీలోనో మౌస్ పెడితే బటన్ రంగు మారడం లేదట! జవాబు చెబుతూ అన్న చెయ్యి వదిలేశాడు. రెండంటే రెండు నిమిషాలు. తిరిగి చూస్తే అన్న లేడు.

పోలీసులకు చెప్పాడు. ఆస్పత్రులన్నీ తిరిగాడు. తర్వాత తనకు చేతనైన పని చేశాడు. అన్న కోసం ఒక వెబ్‌పేజీ కట్టాడు.

మౌస్ పెడితే మెరిసేవి, ఎగిరేవి, విచ్చుకునేవి చేయడంలో ఆఫీసులో అతన్ని మించినవాడు లేడు. ఆ జావాస్క్రిప్ట్ విద్యంతా ఈ పేజీలో పోశాడు. మధ్యలో అన్న ఫొటో. కింద పేరు, వయసు. మౌస్ బాణం ఫొటో మీదికి రాగానే పక్క నుంచి అమ్మ ఫోన్ నెంబరు మెల్లగా జారుకుంటూ వస్తుంది. నొక్కితే ఫొటో తెర నిండా పరుచుకుంటుంది. ఆఫీసులో అందరూ తమ తమ కంప్యూటర్లలో చూసి కళ్లు తుడుచుకున్నారు. ఆ లింకు వాట్సాప్‌లో ఊరంతా పాకింది.

యలహంకలోని ఇంట్లో అమ్మ అంజినమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అన్నం కూడా అక్కడే.

"ఎవురూ చెయ్యలేదు నాయనా. ఈ ఫోను చెడిపోయి ఉండాదేమో, నువ్వొకసారి చేసి చూడు" అంది కొడుకు రాగానే.

చేశాడు. ఆమె ఒళ్లో గణగణమని మోగింది. ఆవిడ మొహం ఇంకా వాడిపోయింది.

"కాగితాలు అతికించి చూద్దాం. నెంబరు పెద్దగా వేయించు నాయనా."

"ఈ కాలంలో కాగితాలెవరు చూస్తారమ్మా?" అన్నాడే గానీ, మర్నాడు సెలవు పెట్టి అన్న ఫొటోతో రెండువందల కాగితాలు వేయించాడు.

బొమ్మనహళ్ళి బస్టాపులో నూట పదకొండో కాగితం అతికిస్తుంటే, పక్కన దోసెల బండి ఆవిడ దగ్గరికొచ్చింది. ఆవిడ పేరు మార్త.

"ఈయప్ప నాకు తెల్సప్పా" అంది. "తొమ్మిది దినాలు ఈడే ఉండె. టీ తాగినంక గ్లాసు తానే కడిగి బోర్లించి పెడ్తా ఉండె."

హేమంత్ జిగురు డబ్బా కింద పెట్టి ఆవిడ వైపు తిరిగాడు. బోర్లించి పెట్టేది అన్నే. ఇంట్లో గ్లాసులన్నీ అలాగే ఉంటాయి.

"ఎక్కడున్నాడు? ఇప్పుడెక్కడున్నాడు?"

"మొన్న పొద్దున బస్సు ఆగింది. నేను పెనం మీద దోసె తిప్పుతా ఉంటి. చూసేలోపల ఎక్కేసినాడు." ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పోలీసోళ్ల దగ్గరికి తీసకపోదామంటే, ఖాకీ బట్ట చూస్తానే వణికిపోతా ఉండె. చర్చి వరండాలో పండుకోబెట్టి, రెండు పూటలా నేనే తినిపిస్తి. ఈయప్ప పేజీ వచ్చినాక ఇంక భయం లేదనుకుంటి."

"పేజీ చూశారా మీరు?"

"నాలుగో దినమే చూస్తి. నేనేం, ఈ వీధంతా చూసె. ఆటోవాళ్లు, గార్మెంట్సు ఆడోళ్లు, అందురూ."

అంతే, పదకొండు రోజుల మంట ఒక్కసారిగా ఎగదన్నింది.

"చూసి కూడా ఊరుకున్నారా? మా అమ్మ ఫోన్ పట్టుకుని కూర్చుంది! ఒక్క ఫోన్ చేసుంటే మా అన్న ఈపాటికి ఇంట్లో ఉండేవాడు! అంత బరువైపోయిందా మీకు?"

మార్త కోప్పడలేదు. నడుముకున్న సంచిలోంచి ఫోన్ తీసి, పేజీ తెరిచి, అతని చేతిలో పెట్టింది.

"నువ్వు చెయ్యప్పా" అంది.

హేమంత్ ఫొటో మీద నొక్కాడు. అన్న మొహం తెర నిండా నవ్వింది. వెనక్కి వచ్చాడు. పైకి జరిపాడు, కిందికి జరిపాడు, మళ్లీ పైకి జరిపాడు, మూడు నిమిషాలు.

అన్న ఫొటో ఉంది, పేరుంది, వయసుంది, 'దయచేసి ఫోన్ చేయండి' అని కూడా ఉంది. మౌసన్నదే లేని ఆ ఫోన్లో నెంబరు మాత్రం ఎక్కడా లేదు.