చేతి చివర బాబాయ్

“కదపనా, బాబాయ్?”

“కదుపమ్మాయ్. నా కాళ్లు నీ చేతిలో ఉన్నాయి, నేనెక్కడికి పోతాను!”

ఆ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. అంతరిక్ష కేంద్రం బయట, పొడవాటి మరచేయి చివరనున్న పలకకు బూట్లు బిగించుకుని, బీరువా అంత పంపును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు బాబాయ్. కేంద్రాన్ని చల్లబరిచే పాత పంపు మొరాయించింది. దాని స్థానంలో ఈ కొత్తది బిగించాలి.

మరచేతిని నడిపే అమ్మాయి లోపల ఉంది. తేలిపోకుండా పాదాలు కమ్మీ కింద దూర్చి, మూడు తెరల మీద కళ్లు పెట్టుకుని ఉంది. ఎడమచేతి పిడి జరపడానికి, కుడిచేతి పిడి తిప్పడానికి. శిక్షణలో బోలెడుసార్లు నడిపింది గానీ, అప్పుడు చివర మనిషి లేడు. ఇవాళే మొదటిసారి.

బాబాయ్‌కి ఇదే చివరిసారి. కిందికి దిగగానే పదవీ విరమణ. నిజానికి ఆయన ఎవరికీ వరసకు బాబాయ్ కాడు. జట్టు మొత్తంలో నెరిసిన తల ఆయనదొక్కటే కావడంతో అందరికీ బాబాయ్ అయిపోయాడు.

“ముందుకి, మెల్లగా,” అంటూ అమ్మాయి ఎడమ పిడిని తాకింది. ఏ కదలికైనా ముందు నోటితో చెప్పాలి, తర్వాతే చేత్తో చెయ్యాలి. అదక్కడి కట్టుబాటు. మరచేయి నత్తతో పందెం వేసి ఓడిపోయేటట్టు కదిలింది.

“ఆపమ్మా, ఆపు!” భూమి మీంచి జట్టు ఆరోగ్యం చూసే డాక్టరమ్మ గొంతు. “బాబాయ్‌గారి గుండె పరుగెడుతోంది.”

అమ్మాయి చటుక్కున చేతులు తీసేసింది. పిడి వదిలినంత మాత్రాన మరచేయి కుదురుకోదు. కాసేపు ఊగుతుంది. చివరనున్న బాబాయ్ కూడా దాంతోపాటు ఊగాడు.

“నా గుండెకేమైంది? గుండ్రాయిలా ఉన్నాను!”

“ఛాతీ బెల్టు అలా చెప్పట్లేదండీ. మీ ఇద్దరి గుండెలూ నా తెర మీద కొట్టుకుంటున్నాయి. అమ్మాయిది చూడండి, నిమ్మకు నీరెత్తినట్టుంది. మొదటిసారే ఎంత నిబ్బరం!”

ఆ మాటతో అమ్మాయికి వెయ్యేనుగుల బలం వచ్చింది. చెమట పట్టిన అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంది.

“బాబాయ్‌గారూ, నిజం చెప్పండి. ఛాతీ పట్టేసినట్టుందా?”

“పట్టెయ్యడమంటే... కాస్త బిగుతుగానే ఉంది, పొద్దున్నుంచీ. అదేం కాదు లెండి, అది...”

“పొద్దున్నుంచీనా!” డాక్టరమ్మ ఆయన్ని మాట పూర్తి చెయ్యనివ్వలేదు. “అమ్మాయ్, ఇంకొక్కసారి గీత దాటితే ఆయన్ని లోపలికి తెచ్చెయ్. పంపు సంగతి తర్వాతి జట్టు చూసుకుంటుంది.”

బాబాయ్ పంపును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

“అమ్మాయ్,” అన్నాడు. “ఈ ఒక్క పంపు బిగించనివ్వవే. సగం పని చేసి ఇంటికెళ్లాడని అనిపించుకోలేను.”

అమ్మాయికి ఈ పని నేర్పింది ఆయనే. ఆయన చివరి పని ఆమె చేతిలోనే పాడైపోతే ఇక జన్మలో ఆ పిడి ముట్టుకోలేదు.

“ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు బాబాయ్, భయం పోతుంది. ముందుకి, మెల్లగా.”

“నాకెందుకే భయం? సరే విను. రిటైరై ఇంట్లో ఉంటానంటే మీ పిన్ని ఏమందో తెలుసా? ‘ఇది అంతరిక్షం కాదు, మీరు వదిలేసిన తువ్వాలు గాల్లో ఆగదు, నేనే వంగి తియ్యాలి’ అంది.”

అమ్మాయి పకపకా నవ్వింది.

“తగ్గింది!” అంది డాక్టరమ్మ. “కబుర్లు ఆపకండి.”

కానీ అసలు ఇరుకు ముందుంది. ఒకవైపు సౌరఫలకం, మరోవైపు ఇనుప దూలం. మధ్యలోంచి బాబాయ్‌ని, పంపుని దాటించాలి. అమ్మాయి తెరకు ముక్కు ఆనించినంత పని చేసింది.

“ఎడమకి, ఇంకా మెల్లగా.”

“మళ్లీ ఎగిరింది! ఇక లాభం లేదు, వెనక్కి...”

“ఒక్క నిమిషం, డాక్టరమ్మా! బాబాయ్, నాతోపాటు ఊపిరి తీసుకో. మెల్లగా లోపలికి... మెల్లగా బయటికి.”

“నాకేం కాలేదే తల్లీ!”

“తీసుకోమన్నానా!”

“తీస్తున్నాను, తీస్తున్నాను. కోప్పడకు.”

లోపల ఒకరు, బయట ఒకరు బుద్ధిగా ఊపిరి పీల్చి వదిలారు.

“దిగుతోంది... దిగింది! నీ నోట్లో ఏదో మంత్రముందే, అమ్మాయ్!”

ఆ మంత్రంతోనే ఇరుకు దాటారు. పాత పంపు ఊడింది, కొత్తది కూర్చుంది. చివరి బోల్టు బిగించగానే లోపల తెర మీద ఆకుపచ్చ దీపం వెలిగింది.

“అయిపోయిందర్రా!” బాబాయ్ పెట్టిన కేకకు అందరి చెవులూ గింగురుమన్నాయి.

“అరె, ఇప్పుడు అమ్మాయి గుండె గంతులేస్తోందే!” డాక్టరమ్మ నవ్వింది. “సంతోషం మరి.”

బాబాయ్ లోపలికొచ్చి శిరస్త్రాణం తియ్యగానే అమ్మాయి ఈదుకుంటూ వచ్చి ఆయన మెడకు చుట్టుకుంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి ఆమెకు.

“ఎంత భయపడ్డావు బాబాయ్! నేను ధైర్యం చెప్పకపోతే ఏమయ్యేవాడివో! పిన్నికి చెప్తానుండు.”

“నేనా! భయమా!”

“గుండె అబద్ధం చెప్తుందా?”

బాబాయ్ గొణుక్కుంటూ అంతరిక్ష దుస్తులు విప్పి, చొక్కాలోకి చెయ్యి పెట్టి, పొద్దున్నుంచీ ఊపిరాడనివ్వని బెల్టును ఊడబెరికాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక రాసున్న పేరు చూశాడు. ఆయన మొహం మెల్లగా నవ్వుతో విచ్చుకుంది.

“అమ్మాయ్, మన బెల్టులు తారుమారయ్యాయే!”