అత్తగారు విప్పిన పువ్వులు

"దొరికారు అత్తయ్యా!"

హోల్‌బీబీ చేతిలో సూది ఆగిపోయింది. ఆమె ఒళ్ళో భర్త టోపీ ఉంది. పొద్దున్నే కోడలు సబోహత్ కుట్టి ముగించిన బాదం పువ్వు అప్పటికే సగం ఊడిపోయింది. పట్టుదారం పోగులు చాప మీద పడి ఉన్నాయి.

"దొరకడమేమిటే? నేనేమన్నా దొంగనా? నా ఇంట్లో నా మొగుడి టోపీ పట్టుకున్నాను."

"అయితే నిన్న ఊడదీసింది కూడా మీరేనన్నమాట! నేను ఎలకల పనేమో అనుకుని పిల్లిని తెమ్మని మీ అబ్బాయికి చెప్పాను."

"పువ్వు వంకరగా ఉంది. విప్పాను."

"వంకరా? మొన్న పక్కింటావిడకి చూపించి, మా కోడలి పనితనం చూడమని మురిసిపోలేదూ?"

"అప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోలేదు," అంది హోల్‌బీబీ తొణక్కుండా.

సబోహత్‌కి ఒళ్ళు మండిపోయింది. నిండు పొట్టను ఒక చేత్తో పట్టుకుని వంగి, రెండో చేత్తో టోపీ లాక్కుంది. ఆ ఊపుకి మోచెయ్యి గోడకి తగిలి, మేకుకి వేలాడుతున్న ఎండు రొట్టె అటూ ఇటూ ఊగింది.

"జాగ్రత్త!" హోల్‌బీబీ చటుక్కున లేచి రొట్టెను రెండు చేతులా పట్టుకుంది. "సైన్యంలోకి పోతూ మీ మరిది కొరికి వెళ్ళిన రొట్టె అది. సగంలో వదిలింది మనిషిని వెనక్కి రప్పిస్తుంది. వాడు తిరిగొచ్చి మిగతాది తినాలి. అందాకా దాని మీద ఈగ వాలినా ఊరుకోను."

"ఆ రొట్టె మీదున్న ప్రేమలో కాస్త నా కుట్టు మీద కూడా ఉంటే బాగుండేది," అని సబోహత్ విసురుగా వాకిట్లోకి వెళ్ళి, మల్బరీ చెట్టు నీడలో చెక్క మంచె మీద కూర్చుంది. దారం ఎక్కించింది. సాయంత్రానికల్లా పువ్వు పూర్తి కావాలి. కాకపోతే తన పేరు సబోహత్ కాదు.

పట్టుదల ఊరికే రాలేదు. తల్లి తనను కని కన్నుమూసింది. ఆమె చేత్తో కుట్టిన గుడ్డముక్క ఒక్కటి కూడా సబోహత్‌కి మిగల్లేదు. చిన్నప్పుడు ఇల్లంతా వెతికేది, కనీసం ఓ చేతిరుమాలైనా దొరుకుతుందేమోనని. ఇప్పుడు తన వంతు వచ్చింది. ఏమవుతుందో ఎవరికి తెలుసు? అందుకే ఒక్కొక్కరికీ తన చేతి గుర్తు ఒకటి ఉండాలనుకుంది. మామగారికి టోపీ, మొగుడు ఎల్మురాద్‌కి నడుముకు కట్టే రుమాలు, అత్తగారికి నమాజుకి పరుచుకునే జానమాజు, పుట్టబోయే బిడ్డకి చిన్న చొక్కా. మిగతావన్నీ కుట్టి మూటకట్టి పెట్టెలో పెట్టేసింది. ఈ టోపీ ఒక్కటే తెమలడం లేదు. ఎందుకు కుడుతున్నావని ఎవరడిగినా, పొద్దుపోక అని చెప్పేది. భయంగా ఉందని ఒప్పుకునే రకం కాదు.

హోల్‌బీబీ టీ తెచ్చి పక్కన పెట్టింది. "తాగు. మొహం అలా పెట్టావేం?"

"ఎండ."

"నీడలో కూర్చుని ఎండేమిటే?"

సబోహత్ పళ్ళు బిగించి ఇంకో కుట్టు వేసింది. సూది వేలికి గుచ్చుకుంది. హోల్‌బీబీకి నొప్పులు మొదలయ్యాయని అర్థమైపోయింది.

"ఎల్మురాద్! కారు తియ్యరా!" అని కేకపెట్టి, కోడలి చేతిలోంచి టోపీ లాక్కుంది.

"ఇవ్వండత్తయ్యా! ఇంకొక్క రేకే. పూర్తి చేసే కదులుతాను."

"వచ్చి చేసుకో."

"రాకపోతే?"

ఆ మాట నోరు జారింది. హోల్‌బీబీ మొహం ఒక్క క్షణం పాలిపోయింది. మరుక్షణం ఆవిడ టోపీ తిప్పి పట్టుకుని, దారం కొస గోటితో లాగి, కోడలి కళ్ళముందే పువ్వు మొత్తం సర్రున ఊడదీసేసింది.

"ఇంక రేకూ లేదు, పువ్వూ లేదు. వచ్చి మొదట్నుంచీ కుట్టు."

సబోహత్‌కి నొప్పి కంటే కోపం ఎక్కువైంది. కారెక్కుతూ వెనక్కి తిరిగి అరిచింది. "వస్తాను! వచ్చి మీ ఎదురుగానే కూర్చుని కుడతాను. ఎన్నిసార్లు విప్పుతారో నేనూ చూస్తాను!"

"చూద్దాంలే!" అంది హోల్‌బీబీ, కారు తలుపు దభాలున వేస్తూ.

ఆసుపత్రిలో కాన్పు కష్టమైంది. తెల్లారేసరికి సబోహత్‌లో ఓపిక అయిపోయింది. కళ్ళు మూతపడుతున్నాయి. "నిద్రపోకమ్మా, ఇంకొక్కసారి" అని నర్సు బతిమాలుతోంది. మూసుకున్న కళ్ళ ముందు అత్తగారి వేళ్ళు, సర్రున ఊడొస్తున్న పట్టుదారం కనబడ్డాయి. ఆవిడ గెలవడానికి వీల్లేదు, అనుకుంది సబోహత్. పిడికిళ్ళు బిగించింది. ఆడపిల్ల పుట్టింది.

ఇంటికి రాగానే బిడ్డను అత్తగారి చేతుల్లో పెట్టి, చెప్పులైనా విడవకుండా పెట్టె దగ్గరికి నడిచింది. మూట విప్పి నిలబడిపోయింది. టోపీ ఒక్కటే కాదు. రుమాలు మీదా జానమాజు మీదా ఒక్కో పువ్వు ఊడదీసి ఉంది. ఆఖరికి వేలెడంత చొక్కా మీద కూడా.

"పసిబిడ్డ చొక్కా కూడానా? నా మీద ఎందుకత్తయ్యా ఇంత కక్ష?"

హోల్‌బీబీ మనవరాలిని గుండెకి హత్తుకుని, గోడ మీది ఎండు రొట్టె వైపు చూసింది. దారం ఎక్కించి సిద్ధంగా ఉంచిన సూదిని కోడలి చేతిలో పెట్టింది.

"నువ్వెందుకు కుడుతున్నావో నాకు తెలీదనుకున్నావా పిచ్చిదానా? నీ చేత కూడా ఓ రొట్టె కొరికించి అక్కడ తగిలిద్దామనుకున్నాను. కాన్పుకెళ్ళే పిల్లతో ఆ మాట అనడానికి నోరు రాక, పువ్వులు విప్పాను."