ముత్తంగిలో పెద్ద స్టేజీ

"పోస్టర్ మీద నీ బొమ్మ ఒక్కటే ఉన్నది" అన్నాడు మహేంద్ర.

రమ్యశ్రీ గిటారు తీగ బిగిస్తూ నవ్వేసింది. "నీ డప్పు బొమ్మ కూడా వేయమంటాలే. అందుకా అలక?"

"అలక కాదు. ఆ సుమిత్‌కు నీ పాట ఒక్కటన్న వస్తదా?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. నవ్వూ పోయింది.

తొమ్మిదేళ్లుగా కలిసి పాడుతున్నారు ఇద్దరూ. ఆమె తండ్రి ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చి పటాన్‌చెరులో స్థిరపడ్డాడు. మహేంద్రది గడ్డపోతారం. ఆమె పాటల్లోని యాస అతను నేర్పిందే. అతని డప్పు పక్కన కరెంటు గిటారును గీపెట్టించింది ఆమె. ఇది జానపదం కాదని జానపదం వాళ్లు, పంక్ రాక్ కాదని ఆ రాక్ సంగీతం వాళ్లు వెలేశారు. ఒక కాలేజీలో పాట మధ్యలో మైకు కట్ చేశారు. పాటల కంపెనీవాళ్లు పిలిచి ప్రేమపాటలు పాడమంటే ఆమె గిటారు భుజాన వేసుకుని లేచి వచ్చేసింది. ఎక్కడ పాడినా ముప్పై నలభై మంది. అందులో సగం తెలిసిన ముఖాలే.

అలాంటిది ముత్తంగి జంక్షన్ దగ్గర, ఆదివారం మధ్యాహ్నం, రెండు వేల మంది పట్టే సభ పెడతానని పోయిన వారం వచ్చాడు సుమిత్ అనే కొత్త మనిషి. ఏ పాటైనా పాడుకోమన్నాడు. ఒక్క మాట కూడా మార్చమనలేదు.

"మీరు ఎవల కోసం రాస్తరో వాళ్లే ముందు వరుసల కూసోవాలె మేడమ్" అన్నాడు. "గడ్డపోతారం వర్కర్లు. బస్సులు నేను పెడత."

ఆ మాటకు ఆమె కళ్లు చెమర్చాయి. తొమ్మిదేళ్లలో అంతమాట అన్నవాడు లేడు.

"నాకు మనసొప్పుతలేదు రమ్యా" అన్నాడు మహేంద్ర. "నేను రాను."

"నా ఒక్కదాని పేరు పైకొస్తుంటే మనసెందుకు ఒప్పుతుందిలే!"

మహేంద్ర లేచాడు. డప్పు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు రమ్యశ్రీ గడ్డపోతారం వెళ్లింది. అక్కడ మందుల కంపెనీ ఒకటి ఎత్తేస్తారని తెలిసి, వర్కర్లు మిషన్లు బయటికి పోనివ్వకుండా గేటుకు అడ్డంగా టెంటు వేసుకుని కూర్చున్నారు. అది ముప్పై తొమ్మిదో రోజు. వాళ్లకు పెద్దదిక్కు మొగులమ్మ. ఇరవై రెండేళ్లు అదే కంపెనీలో ప్యాకింగ్ చేసిన మనిషి.

"ఎండకు ఎండి, వానకు తడిసి పానం గుంజుతున్నది బిడ్డా" అంది మొగులమ్మ. "టెంటు ఇడిసి యాడికొస్తం?"

"రెండు గంటలే పెద్దమ్మా. ఈ పాటలన్నీ మీవే. మీరే లేకపోతే నేనెవరి కోసం పాడాలి?"

మొగులమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. వెనక్కి తిరిగి ఆడవాళ్లను కేకేసింది. "పోదామే! పోరి గింత పానం పెట్టి పిలుస్తున్నది. జెర నవ్వక ఎన్ని దినాలాయె?"

ఆదివారం మూడు గంటలకు ముత్తంగి మైదానం నిండిపోయింది. ఏడు బస్సుల్లో వర్కర్లంతా, పిల్లాజెల్లాతో సహా దిగారు. రమ్యశ్రీ స్టేజీ వెనక నిలబడి మహేంద్రకు పదిసార్లు ఫోన్ చేసింది. స్విచాఫ్.

అలిగినా ఆ వేళకు వస్తాడనుకుంది. ఇంత పెద్ద రోజున రాకుండా ఉండడనే నమ్మింది.

"డప్పు లేకున్నా నడుస్తది మేడమ్, షురూ చేయండి" అన్నాడు సుమిత్.

ఆమె ఒంటరిగా ఎక్కింది. మొదటి పాటను అందరూ కూర్చునే విన్నారు. రెండో పాట, "గాలి నీదా, గొంతు నీదా, మా గల్లీ పొద్దు నీదా" ఎత్తుకోగానే జనం లేచి నిలబడ్డారు. మొగులమ్మ చెంగు నడుముకు దోపుకుని ఎగిరింది. రెండు వేల గొంతులు తన మాటను తనకే తిరిగి అప్పజెబుతుంటే రమ్యశ్రీకి ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఏడుపు అడుగున కోపం ఉంది.

పాట ఆపి మైకు పట్టుకుంది.

"నా పక్కన ఒక డప్పు ఉండాలి ఇవాళ. లేదు. మనవాడే అనుకున్నవాడు మన జనం ముందుకు రావడానికే ఇష్టపడలేదు. పేరు చెబుతున్నాను, మహేంద్ర. మిమ్మల్నీ నన్నూ నమ్మించి వదిలేసిన వాడి కోసం ఈ పాట!"

మైదానమంతా ఛీకొట్టింది. ఆమె గుండె చల్లబడింది.

సుమిత్ కింద నుంచి ఇంకొకటి, ఇంకొకటి అని వేలు చూపుతూనే ఉన్నాడు. ఆమె పాడుతూనే ఉంది. రెండు గంటల కచేరీ అనుకున్నది మూడు గంటల పైనే సాగింది.

దిగాక, దండం పెడదామని సుమిత్ కోసం వెతికింది. కనబడలేదు. ఇందాకే కారెక్కి వెళ్లాడన్నారు. వర్కర్లు ఆమె పాటే పాడుకుంటూ బస్సులెక్కుతున్నారు. మొగులమ్మ వచ్చి ఆమె చెంపలు రెండూ నిమిరి వెళ్లింది.

అప్పుడు ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"రమ్యా, నేను." మహేంద్ర గొంతు బొంగురుపోయి ఉంది.

"ఇప్పుడు గుర్తొచ్చానా? తొమ్మిదేళ్లు! ఇవాళే దొరికానా నీకు? అందరి ముందూ చెప్పాను నువ్వెలాంటివాడివో. ఇక నాకు ఫోన్ చేయకు."

అతను దగ్గాడు.

"బస్సులు కదలంగనే కంపెనీ గేటు కాడికొచ్చిన. కంపెనీవాళ్లు నా ఫోన్ గుంజుకున్నరు. నేనొక్కణ్ణే, రమ్యా... అడ్డం పండుకుంటే ఈడ్చి పారేసిన్రు. ఆపలేకపోయిన."

"దేన్ని ఆపలేకపోయావు?"

"మిషన్లన్నీ లారీలల్ల పోయినయ్."